చలిదేశపు చెట్టు, మా కాక

శుక్రవారం పొద్దున కూలీలుండే క్యాంపు నుంచి ఫోను వచ్చింది. "సారూ, కాక పోయిండు. పండుకున్నోడు పండుకున్నట్టే."

కాక ఈ ఎడారి దేశంలో, సముద్రపొడ్డున ఉన్న జల్లాఖ్‌లో ఒక రిసార్టు తోటమాలి. జగిత్యాల వైపు మనిషి. నాకు చుట్టం కాడు. ఈ దేశంలో నాతో తెలుగులో పోట్లాడే ఒకే ఒక్క మనిషి. ప్రతి శుక్రవారం నా వాదనలన్నీ విని, మధ్యలో టీ చేతికిచ్చేవాడు.

మరణ ధ్రువీకరణ కాగితంలో 'సహజ మరణం' అని రాశారు. ఆ మాటతోనే నా తగువు.

రెండేళ్ల కిందట రిసార్టువాళ్లు చలిదేశం నుంచి హార్న్‌బీమ్ అనే చెట్టును తెప్పించారు. ఆకులు రాలేముందు పసుపెక్కుతాయట, అతిథులు దాని పక్కన ఫొటోలు దిగాలట. ఎడారిలో ఆకురాలు కాలం కావాలి వీళ్లకు! ముచ్చట వాళ్లది, చాకిరీ కాకది. మొదటి ఏడాది ఆకులు పసుపెక్కకుండానే ఎండకు మాడి రాలాయి. "ఈసారీ ఇంతే అయితే పీకేస్తాం" అన్నాడు మేనేజరు.

తోట పైపుల్లో నీళ్లు ఉప్పన. అందుకని కాక గదుల వెనక ఏసీల నుంచి కారే నీళ్లను బకెట్లలో పట్టి మోసేవాడు. ఆకుల మీది ఇసుకను తడిగుడ్డతో ఒక్కొక్కటిగా తుడిచేవాడు. చెట్టుకు నీడవల కట్టారు, మోసే మనిషికి కట్టలేదు. వేసవి మధ్యాహ్నాలు బయట పని చేయించకూడదని చట్టం ఉంది కదా అంటారు. ఉంది. డ్యూటీ ఆగేది, కాక ఆగేవాడు కాదు. చెట్టు పోతే మాట పడేది ఆయనే మరి. దీన్ని ఇష్టపడి చేసిన పని అందామా?

"నా వల్ల కాదని చెప్పెయ్ కాకా!" అని ఒకసారి అరిచాను.

"చెట్టేం జేసింది సారూ? నన్ను తెచ్చినట్టే దాన్ని గూడ తెచ్చిన్రు."

"దీని మీద రాస్తాను చూడు."

"రాయుండ్రి. గప్పటిదాంక ఈ బకిట్ జర పట్టుండ్రి."

పట్టుకున్నాను. పది అడుగులకే చెయ్యి మార్చుకున్నాను. ఆయన పగలబడి నవ్వాడు.

సెలవు దొరికినా ఊరికి పోలేదు. "ఆకు పసుపెక్కినంక పోత. నేను పోతె దాన్ని ఎవలు సూస్తరు?"

శవపేటిక విమానమెక్కిన మరుసటి వారం రిసార్టుకు వెళ్లాను. సముద్రం వైపు కొమ్మకు పసుపు ఆకులున్నాయి. నిండుగా కాదు, పదో పన్నెండో. ఒక విదేశీ జంట ఆ కొమ్మను వంచి ఫొటో తీసుకుంటోంది.

"ఇది ఎవరు పెంచారో తెలుసా మీకు?" అన్నాను. కోపంలో తెలుగే వచ్చింది.

వాళ్లు మర్యాదగా నవ్వారు. ఫొటోలో పడుతున్నానని, కాస్త పక్కకు జరగమని చేత్తో చూపించారు.

జరిగాను.