యూరప్‌కీ మాకూ మధ్య గుమ్మడికాయ

చదువు అయీ కాగానే ఉద్యోగం దొరికిన ఆ రోజుల్లో, దేశాల మధ్య సంబంధాలంటే టీవీలో పెద్దమనుషులు చేతులు కలిపి ఫొటోలు దిగడమే అనుకునేదాన్ని. నెల్లూరు తీరంలో రొయ్యలు ఒలిపించి విదేశాలకు పంపే ఒక కంపెనీలో చేరాక తెలిసింది, ఆ చేతులు కలిసే ముందు ఎవరో వచ్చి మన గోళ్లు చూస్తారని. యూరప్ దేశాల కూటమి నుంచి ఒకామె తనిఖీకి వస్తోందన్నారు. ఆమె సరేనంటేనే మా సరుకు అక్కడికి వెళుతుంది. కాదంటే రొయ్యలు ఒలిచే అక్కలకు సగం రోజులు పనుండదు. చర్చిలో ఇంగ్లీషు పాటలు పాడతానన్న ఒకే ఒక్క అర్హతతో (అర్థాలు ఎవరడిగారు గనక!) నన్ను దుబాసీగా నిలబెట్టారు.

తెల్లకోటూ టోపీ వేసుకుని ఆమె నీళ్లు, మంచు, కత్తులు అన్నీ చూసింది. అంతా బాగుందనుకుంటుండగా రొయ్యలు ఒలిచే హాలు గుమ్మంలో ఆగి తల పైకెత్తింది. పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి వేలాడదీసిన బూడిదగుమ్మడికాయ! గోడలన్నీ కడిగించిన మాకు అది కనపడనే లేదు, రోజూ చూసేదే కదా. ఇదేమిటంది. దిష్టి తగలకుండా అన్నాను. ఎవరి దిష్టి అంది. నాకు తోచక మా ఓనరుని అడిగాను.

"వచ్చి చూసేవాళ్లదేనమ్మా. ఆ తల్లిది కూడా," అన్నాడాయన చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా.

మార్చి చెబుదామనుకున్నాను గానీ, మార్చడానికి కూడా ఇంగ్లీషు కావాలి. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె నవ్వలేదు. కాయ వంకా నా వంకా చూసి, నువ్వు నమ్ముతావా అని అడిగింది. మా తాతయ్య పాస్టరు. నమ్మనన్నాను, తీసేస్తే మాత్రం భయమేస్తుందన్నాను. రొయ్యలున్నచోట కుళ్లే వస్తువు ఉండకూడదని ఆమె మెల్లగా చెప్పింది. తెలుగులో చెప్పగానే, అది లేకపోతే లోపలికి రామన్నట్టు అక్కలు ముఖాలు చూసుకున్నారు. అప్పుడామె, గేటుకు కడితే పనిచేయదా అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

అదే ఓనరుని అడిగాను. "గేటుకాడైతే ఇంకా మంచిది. వచ్చేవాళ్ల చూపు ముందు దానిమీదే పడతాది," అన్నాడు.

అక్కల్లో పెద్దామె తలూపింది. కాయ గేటుకెక్కింది. కొన్నాళ్లకు అనుమతీ వచ్చింది.

ఇప్పుడు యూరప్‌తో ఒప్పందాల గురించి టీవీలో వాదించుకుంటుంటే ఆసక్తిగా వింటాను. సుంకాలు, షరతులు... సగం అర్థం కాదు. ఆ చర్చల బల్ల దగ్గర అప్పటి నన్ను, ఆ దుబాసీ పిల్లను కూడా ఓ మూల కూర్చోబెడితే బాగుండుననిపించి నవ్వుకుంటాను. ఏమీ తెలియదు దానికి. అడిగితే మాత్రం వణుకుతూ ఉన్నదున్నట్టు చెప్పేది. ఇప్పుడు నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. అంత నిజం మాత్రం చెప్పలేను.