అన్న మాట అవ్వకే తెలుసు

ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఆముదం కాగే వాసన వస్తే, బాగేపల్లి దగ్గర మా ఊళ్లో ఎండ పడే వసారా, అందులో చాపమీద పడుకున్న మా నరసన్న, బిగుసుకుపోయిన అతని కాళ్లకు గోరువెచ్చని నూనె రాస్తూ ఊరి కబుర్లన్నీ చెప్పే మా అవ్వ కళ్ల ముందుకొస్తారు.

అన్న పుట్టుకతోనే అంత. మాట గొంతులోనే మెలికపడి అరుపులా బయటికొచ్చేది. సెరిబ్రల్ పాల్సీ అనే పేరు మేం విన్నది చాలా ఏళ్ల తర్వాత. పందొమ్మిదివందల యాభైల చివర, ఆ రోజుల్లో, ఊరికి అన్న 'గాలి సోకినోడు'. ఆ అరుపుల్లోని మాటలు అవ్వకొక్కతికే తెలిసేవి. చలికాలం పొద్దున్నే ఆమె అనపగింజలు పితుకుతూంటే అన్న ఏదో అనేవాడు. "నీ పెండ్లికి పితికిపప్పు చారే చేయాలంటాండాడమ్మే మీ అన్న" అని ఆమె చెబితే, అన్న ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వేవాడు.

అన్నకు పదహారేళ్లప్పుడు, ఉగాదికి ముందు, అవ్వ చేలోనే కుప్పకూలి చనిపోయింది. వచ్చిన చుట్టాల ముందు అరుస్తాడని నాయన అన్నను ఎత్తుకుపోయి పశువుల కొట్టంలో పడుకోబెట్టాడు. శవాన్ని తీసుకెళ్లిపోయారు. వాడికేం తెలుస్తుందిలే అని ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆనాటినుంచి అన్న వాకిలివైపు చూస్తూ ఒకే అరుపు అరిచేవాడు. పండగనాడు నోట్లో పెట్టిన తీపి ఓళిగ ఉమ్మేశాడు. కొన్నాళ్లకు అరుపూ ఆగిపోయింది. తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాయన అన్నను చిక్కబళ్ళాపురం తీసుకెళ్లి చూపించాడు. డాక్టరు కాళ్లు వంచి చూసి, ఇవి బాగుపడేవి కావని కన్నడలో చెప్పి పంపేశాడు.

"కాళ్లూ చేతులూ చూసినాడే గానీ, బిడ్డ ఎందుకు తినడంలేదని అడగలేదే!" అని అమ్మ ఏడ్చింది.

ఆ సాయంత్రం అమ్మ సంగటి ముద్ద పట్టుకుని పక్కన కూర్చుంటే అన్న పెదాలు కదిలాయి. అమ్మ చెవి దగ్గరగా పెట్టి చాలాసేపు విన్నది. ముద్ద కింద పెట్టేసింది.

"అవ్వ యాడ అని అడుగుతాండాడు" అంది నాయనతో.

అన్న తలను ఒడిలోకి తీసుకుని, "అవ్వ సచ్చిపోయింది నాయనా, నీకు సూపించకుండానే మట్టి చేసినాము" అని జరిగిందంతా చెప్పింది. అన్న ఏడ్చిన ఏడుపుకు పక్కింటివాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

మర్నాడు నాయన అన్నను భుజాన వేసుకుని అవ్వను పూడ్చినచోటికి తీసుకెళ్లాడు. తర్వాత కాస్త తినేవాడు గానీ, మనిషి అప్పటికే ఎముకల గూడయ్యాడు. వానలతో వచ్చిన జ్వరం అతన్ని తీసుకునే పోయింది.

ఇప్పుడు చింతామణిలో మా మనవరాలి బడికి అన్నలాంటి పిల్లలు వస్తారట, వాళ్ల మనసులో ఏముందో అడిగి తెలుసుకోవడానికి ఒకామె ఉందట. మా ఊళ్లో ఆ ఇల్లు లేదు, ఆ చేనూ మాది కాదు. అన్న గొంతు విన్నవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. ఆ అరుపులు బాగానే గుర్తున్నాయి. అవ్వ యాడ అన్నది తప్ప, వాటిలో ఏ మాటలున్నాయో నాకు తెలియదు.