ముగ్గు మీద షీటు వేయని మేస్త్రి

మా మిద్దె మేస్త్రి పోయాడని మొన్న పెనుకొండ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున కాఫీ తాగి చాప మీద ఒరిగినవాడు మళ్ళీ లేవలేదట. "ఎవరి మిద్దె మీద నుంచైనా పడినాడా తల్లీ?" అని అడిగాను. "లేదవ్వా, ఇంట్లోనే" అంది. బతుకంతా జనాల నెత్తి మీద పనిచేసిన మనిషి, పోయేటప్పుడైనా నేల మీద పడుకున్నాడు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో మిద్దెలకు వాటర్‌ప్రూఫ్ షీట్లు అంటించేవాళ్ళు ఇప్పుడు వీధికొకరు. చూడబోతే దోసె తిప్పినంత పని. మా మేస్త్రికి పేరొచ్చింది మాత్రం షీటు వేయనని మొండికేయడం వల్ల. మిద్దె శుభ్రపడి, ఎండి, నెర్రెలు పూడేదాకా షీటు చుట్ట విప్పేవాడు కాడు.

ధర్మవరంలో మా ఇంటికి ఆయన వచ్చింది ఒక ఆషాఢం చివర. కింద గదిలో మా కోడలి మగ్గం, దాని మీద సగం నేసిన పెళ్ళిచీర. సరిగ్గా దాని నెత్తినే మిద్దె చెమ్మగిల్లింది. నాలుగు చుక్కలు పడితే ఎర్రంచు రంగు గంధం రంగు ఒంట్లోకి పాకుతుంది. శ్రావణంలో ఎవరో పిల్ల కట్టుకోవలసిన చీర అది. మబ్బులేమో పిలవకుండానే వస్తున్నాయి.

మేస్త్రి మూడు రోజులు షీటు మాటే ఎత్తలేదు. పాచి గీకాడు. పాత సున్నం పెచ్చులు రాల్చాడు. నెర్రెలను ఇంకాస్త వెడల్పు చేసి మరీ పూడ్చాడు. పిట్టగోడ మొదలంతా నీళ్ళు నిలవకుండా సిమెంటుతో గుండ్రంగా తిప్పాడు. ఆఖరికి ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా మిద్దెకు అంటించి కూర్చున్నాడు.

"ఏమప్పా, మిద్దెకు జొరం చూస్తాండావా?" అన్నాను.

"జొరమే టీచరమ్మా. లోపల తడుంటే కాగితం కింద చెమట పడతాది. చెమట పట్టినోనికి రబ్బరు దుప్పటి కప్పితే యాడ తగ్గుతాది?"

గురువారం కాగితం కింద చుక్క లేదు. రేపు పొద్దున షీటు గట్టిగా పట్టుకునేందుకు ప్రైమర్ పూసి, షీటు వేస్తానని వెళ్ళాడు.

శుక్రవారం ఆయన రాకముందే నేను మిద్దెక్కాను. అంత శుభ్రమైన చోటు చూశాక చేతులు ఊరుకోలేదు. కొత్త పని, పైగా శుక్రవారం. కళ్ళాపి చల్లి పదిహేను చుక్కల ముగ్గు పెట్టాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని.

మేస్త్రి వచ్చి, చూసి, బకెట్టు కింద పెట్టాడు.

"ఎవురేసినారిది?"

"నేనే. పనికి మంచిదని."

"ముగ్గు బాగుండాది. పనే పాడైపాయ."

కోడలు మెట్ల మీద నిలబడి ఆకాశం చూసింది. "మేస్త్రన్నా, దాని మిందే ఏసేయన్నా. వాన వచ్చేట్టుండాది."

"ఏస్తే షీటు మీ అత్త ముగ్గును పట్టుకుంటాదమ్మా, మిద్దెను కాదు. నాలుగు ఎండలకు పొంగి లేస్తాది."

"పోనీ, ముగ్గు వరకు వదిలేసి చుట్టూ వెయ్యి" అన్నాను.

"ముగ్గంత బొక్క పెట్టి గొడుగు ఎవురన్నా కుడతారా టీచరమ్మా?"

కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మరుసటి రోజు పెనుకొండలో ఆయనకు వేరే పని ఉంది. ఫోన్ చేసి వాయిదా వేశాడు. టార్పాలిన్ తెచ్చి మగ్గం గది నెత్తిన, గాలికి లేవకుండా తాళ్ళతో బిగించాడు. సాయంత్రమే వాన దంచింది. చీర తడవలేదు; టార్పాలిన్ కింద ముగ్గూ చెరగలేదు.

రెండు రోజులు ఎండ కాశాక మళ్ళీ మొదటి నుంచి పని. ఈసారి బ్రష్షు నా చేతికిచ్చాడు.

"పెట్టిన చెయ్యే తుడవల్ల."

తుడిచాను. మగవాడు చెప్పగానే మారుమాట్లాడకుండా పని చేసింది నా జన్మలో అదొక్కసారే. తప్పయిందని నోటితో అనలేదు; ఆయన కాఫీలో చక్కెర ఇంకో చెంచా వేశాను. "పాకం బాగుండాది టీచరమ్మా" అని తాగాడు.

చీర శ్రావణంలో పెళ్ళికి చేరింది. మిద్దె ఈనాటికీ చెమ్మగిల్లలేదు.

ప్రైమర్ పూసే ముందు ఆ పొద్దున ఆయన ఎవరినీ పైకి రానివ్వలేదు. నేను మెట్ల మీద నుంచి మెడ చాచి చూశాను. చెప్పులు విడిచి, దూరపు మూల నుంచి వంగి వెనక్కి వెనక్కి నడుస్తూ, పొడిగుడ్డతో తన అడుగుల దుమ్ము తానే తుడుచుకుంటూ వస్తున్నాడు. మెట్ల దాకా వచ్చి నిలబడ్డాడు. ఆయన ముందు మిద్దె నిండా ఎండ, ఒక్క అడుగు జాడ కూడా లేకుండా.