పట్టాల మీద పడవ: మోరిస్ కాలువ దగ్గర ఒక ఆదివారం

మా ఇంట్లో ఎవరైనా కోతలు కోస్తే "అదిగో, రెండు ముక్కల పడవ వచ్చింది" అంటాం. ఆ మాట పుట్టింది మా అప్పలరాజు మావయ్య వల్ల. మావయ్య అమ్మకి తమ్ముడు. విశాఖపట్నం పోర్టు రైల్వేలో షంటర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఓడలకి చేరాల్సిన ఖనిజం వ్యాగన్లని విడదీసి, మళ్ళీ కలిపి, సరైన పట్టాల మీదికి పంపడం ఆయన పని. నా చిన్నప్పుడు మా పిన్ని పెళ్ళిలో, భోజనాలయ్యాక పందిట్లో కూర్చుని, అమెరికాలో ఒక కాలువ ఉందని, కొండ అడ్డొస్తే అక్కడి పడవలు రైలు పట్టాలెక్కి దాటేస్తాయని, ఓడలో వచ్చిన ఇంజనీరు దొర తనతో చెప్పాడని అన్నాడు. మా నాన్న లెక్కల మాస్టారు. తమలపాకు నములుతూ, "కొండ కొసకి వెళ్ళాక ముందు సగం గాల్లో వేలాడి, పడవ నడుం విరగదా మరి?" అని అడిగారు. మావయ్య ఒక్క క్షణం ఆగి, "ఇరగదు బావా. పడవ రెండు ముక్కలుగా ఉంటాది. మధ్యన కీలుంటాది" అన్నాడు. పందిరంతా ఒకటే నవ్వు. అందరికంటే గట్టిగా నవ్విన దాన్ని నేనే. ఆ తర్వాత నాన్న ఉన్న చోట మావయ్య ఊఁ, ఆఁ తప్ప పెద్దగా మాట్లాడగా నేను చూడలేదు.

పోయిన నెల ఆఫీసులో లంచ్ చేస్తుంటే, వారాంతాల్లో సైకిల్ తొక్కే కొలీగ్ ఒకతను తన ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. వాటిలో ఒకటి దారి పక్కన పెట్టిన పాత బోర్డు. పెన్సిల్వేనియా బొగ్గుని న్యూయార్క్ రేవుకి చేర్చడానికి న్యూజెర్సీకి అడ్డంగా తవ్విన మోరిస్ కాలువలో, పడవలని పట్టాల మీద కొండలెక్కించేవారని దాని మీద రాసి ఉంది. ముద్ద పక్కన పెట్టి దాన్ని రెండుసార్లు చదివాను. ఆ సాయంత్రం వెతికితే అలాంటి చోట్లు ఇరవైకి పైగా ఉండేవని, కాలువ మూతపడి సుమారు వందేళ్ళయిందని, బాగా మిగిలిన వాటిలో ఒకటి ఎడిసన్‌లోని మా ఇంటికి గంట దూరంలోనే ఉందని తెలిసింది. సరిగ్గా అప్పుడే మావయ్య ఇక్కడే అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గర నుంచి మా ఇంట్లో రెండు వారాలు గడపడానికి వస్తున్నాడు. ఆయన్ని అక్కడ నిలబెట్టి, వీడియో కాల్‌లో నాన్న చేత "నేనే తప్పు" అనిపించాలని నిర్ణయించేసుకున్నాను. పాపం మోసిన వాళ్ళకి ఉండే తొందర నాది.

చిత్రమేమిటంటే మావయ్యకే ఉత్సాహం లేదు. మోకాలు నొప్పి అన్నాడు. వాన వస్తుందేమో అన్నాడు. చివరికి, "ఎప్పుడో సెప్పిన మాటకి ఇప్పుడు సాక్ష్యాలెందుకమ్మా?" అన్నాడు. పెద్దమనిషి కదా, మొహమాటపడుతున్నాడనుకుని నేను వినలేదు. కాలువ చోటుని చూసుకునే వాలంటీర్లకి ఈమెయిల్ రాస్తే ఆదివారం పదిన్నరకి రమ్మన్నారు.

ఎనిమిదిన్నరకి బయల్దేరాం. ఎడిసన్ నుంచి 287 హైవే ఉత్తరంగా పట్టుకుని, తర్వాత 78 మీద పడమరకి డ్రైవ్ చేస్తే చాలు. నది దాటనంత వరకు టోల్ కూడా లేదు. పెట్రోలుకి రానూపోనూ పదిహేను డాలర్ల లోపే అయింది. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకున్నాను కాబట్టి తిండి ఖర్చు దారిలో తాగిన రెండు కాఫీలు మాత్రమే. తొమ్మిది నలభైకి డెలావేర్ నది ఒడ్డున ఉన్న ఫిలిప్స్‌బర్గ్ చేరాం. కాలువ పడమటి కొస ఇదే. ఎదుటి ఒడ్డున పెన్సిల్వేనియా వైపు ఊరు, ఈస్టన్. అక్కడికి వచ్చిన బొగ్గు పడవలు నది దాటి ఈ ఒడ్డున రేవులోకి దూరేవి. ఇప్పుడు రేవు లేదు. మట్టితో పూడ్చేసిన చోట గడ్డి, నది వైపు ఒక రాతి కమాను, ఎగువన రైలు వంతెనలు మిగిలాయి.

రేవంటే మావయ్యకి కాళ్ళు ఆగవు. మోకాలు సంగతి మర్చిపోయి కమాను దాకా దిగి, రాళ్ళ మీద పడిన గాడిని వేలితో తడిమాడు. అటుగా కుక్కతో నడుస్తున్న ఒక పెద్దాయన ఆగి, "అవి తాళ్ళు ఒరుసుకున్న గుర్తులని మా నాన్న చెప్పేవాడు. నిజమో కాదో మరి" అన్నాడు. నేను తెలుగులో చెబితే మావయ్య, "తాడే. గొలుసైతే ఇంత నున్నగా రాదు" అన్నాడు. అది మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ముచ్చటపడి, ఈ కాలువ పొట్ట కొట్టింది పక్కనున్న రైళ్ళేనని వంతెనల వైపు చూపించాడు. ఆ మాటకి మావయ్య కాస్త ఇబ్బందిగా నవ్వాడు, తనే కొట్టినట్టు.

అక్కడి నుంచి పది పన్నెండు నిమిషాల ప్రయాణం. స్టూవర్ట్స్‌విల్ దగ్గర రోడ్డు దిగి చెట్ల మధ్యకి వెళితే వాల్టర్ అనే వాలంటీర్ మా కోసం గేటు తీసి ఉంచాడు. డెబ్భై దాటిన మనిషి, జేబు నిండా టార్చిలైట్లు. టికెట్ లేదు, విరాళం పెట్టె ఉంది. ఇరవై డాలర్లు వేశాను. ముందు పైనుంచి వాలు చూపించాడు. దాదాపు వంద అడుగుల ఎత్తు, మొదలు నుంచి చివరికి పావు మైలు పైమాటే. గడ్డిలో వరసగా చదును రాళ్ళు, వాటికి బెజ్జాలు. పట్టాలు బిగించిన రాళ్ళవి. కింద కాలువలో మునిగి ఉన్న చక్రాల బండి మీదికి పడవ తేలి వచ్చేదట. ఇనుప తాడు బండిని లాగేది. తాడుని చుట్టే డ్రమ్ముని తిప్పింది బొగ్గూ కాదు, ఆవిరీ కాదు, పై కాలువలోంచి నిటారుగా కిందికి దూకే నీరే. ఆ నీరు తిప్పిన ఇనుప చక్రం భూగర్భ గదిలో ఇప్పటికీ ఉంది. వంగి వంగి తడి సొరంగంలోంచి వెళ్ళి చూశాం. నా తల రెండుసార్లు తగిలింది.

మావయ్య ప్రశ్నలు మొదలయ్యాయి. నేను దుబాసీని. తాడు తెగితే ఏం చేసేవారు? పైనున్న మనిషికి కింద మనిషి సైగ ఎలా ఇచ్చేవాడు? పక్క పట్టాల మీద ఎదురు బండి దిగుతుంటే బరువు ఎలా సరిచూసేవారు? వాల్టర్ కొన్నింటికి జవాబు చెప్పి, కొన్నింటికి "ఇంతవరకు ఎవరూ అడగలేదు" అని పుస్తకంలో రాసుకున్నాడు. నా కడుపు నిండిపోయింది. చివరికి అసలు ప్రశ్న నేనే అడిగాను. శిఖరం దాటేటప్పుడు పడవ నడుం విరగదా?

వాల్టర్ నవ్వి, గోడకి వేలాడుతున్న బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. పొడవాటి బొగ్గు పడవ. సరిగ్గా మధ్యలో అడ్డంగా గీత. "రెండు సగాలు. మధ్యలో కీళ్ళతో కలిపేవారు. గట్టు దాటేటప్పుడు నడుం దగ్గర వంగేది" అన్నాడు.

నేను పెద్దగా అరిచేశాను. బొమ్మ ఫోటో తీసి, బయటికొచ్చి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేసి, నాన్నకి వీడియో కాల్ కలిపాను. పదకొండున్నర. అక్కడ తొమ్మిది, భోంచేసి టీవీ ముందు ఉంటారు. రింగవుతుండగానే మావయ్య చెయ్యి అడ్డం పెట్టి కట్ చేశాడు. బెజ్జాల రాయి ఒకదాని మీద కూర్చున్నాడు. మొహంలో గెలిచిన కళ లేదు.

"సుధమ్మా, నాకు ఏ దొరా సెప్పలేదమ్మా. నేనే పుట్టించాను."

నాకు అర్థం కాలేదు. "మరి ఇదంతా నిజమే కదా మావయ్యా?"

"నిజమని నాకేటి తెలుసు? ఫిషింగ్ హార్బర్‌లో రిపేరుకి పడవలని పట్టాల బండి మీద గట్టుకి లాగుతారు, సూశావు కదా. ఇంత దూరం లాగితే కొండకి ఎందుకు లాగరాదని అనిపించింది. మీ నాన్న పక్కన అందరూ సదువుకున్నోళ్ళే. నేనూ ఒక కొత్త మాట సెప్పాలనుకున్నాను. అమెరికా అంటే ఎవరూ పోయి సూడరు కదా అనుకున్నాను. అబద్ధానికి ఇప్పుడు దండ ఏయించుకోమంటావా?"

ఆయన ఇన్నేళ్ళూ నాన్న ముందు తల దించుకున్నది నవ్వినందుకు కాదు, అబద్ధం ఎక్కడ బయటపడుతుందోనని. దాన్ని బయటపెట్టడానికి నేనే కారులో ఎక్కించుకుని తీసుకొచ్చాను. నా మీద నాకే కోపం వచ్చింది. నాన్నకి ఏమీ చెప్పకుండా ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోదామనుకుంటుండగా నాన్నే తిరిగి కాల్ చేశారు. ఎత్తక తప్పలేదు. ఫోటో అప్పటికే చూశారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నారు.

"ఏవోయ్ అప్పలరాజూ! ఒప్పుకున్నాను. తప్పు నాదే. ఆ దొరెవరో గానీ నిజమే చెప్పాడు."

ఆ మాట కోసమే నేను ఇంత దూరం వచ్చాను. మావయ్య ఊఁ అంటే చాలు, అయిపోయేది. నేను కళ్ళతో సైగ కూడా చేశాను. ఆయన నా వైపు చూడలేదు.

"దొర లేడు బావా. అబద్ధం సెప్పాను."

నాన్న ముఖం తెరకి దగ్గరగా వచ్చింది. "మరి రెండు ముక్కలు? కీలు? అదెవరు చెప్పారు?"

"నువ్వడిగావు కదా, నడుం ఇరగదా అని. యార్డులో దిబ్బ మీదుగా వ్యాగన్లు దాటించేవోళ్ళం. వ్యాగనుకీ వ్యాగనుకీ మధ్యన కప్లింగుంటాది కాబట్టి వంగుతాయి. ఒకే పొడుగు పెట్టెయితే దిబ్బ మీద ఇరుక్కుంటాది. పడవకైనా అంతే కదా అని ఆలోసించి సెప్పాను."

"ఎంతసేపు ఆలోచించావు?"

"నువ్వు తమలపాకు నమిలినంత సేపు."

నాన్న నవ్వలేదు. టీవీ ఆపేశారు. తర్వాత చాలా నెమ్మదిగా, "ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను రా. సరైన జవాబు చెప్పినవాణ్ణి నవ్వి కూర్చోబెట్టింది ఆ ఒక్కరోజే" అన్నారు. "రా" అని నాన్న ఆయన్ని పిలవడం నేనెప్పుడూ వినలేదు. మావయ్య భుజాన ఉన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "కింద గదిలో చక్రం ఉంది బావా, సూపిస్తాను ఉండు" అని ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, సిగ్నల్ రాదని చెబుతున్నా వినకుండా సొరంగం వైపు నడిచాడు. వాల్టర్ టార్చి పట్టుకుని వెనకే పరిగెత్తాడు.

పులిహోర రెండింటికి గానీ తినలేదు. ముగ్గురం గట్టు మీద కూర్చుని తిన్నాం, వాల్టర్ పెరుగన్నం కూడా మొహమాటం లేకుండా తిన్నాడు. సాయంత్రం తిరిగి డ్రైవ్ చేస్తూ నేను ఆలోచించింది కాలువ గురించి కాదు. మా ఇంట్లో ఒక మాట వినగానే నిజమా, అబద్ధమా అని తేల్చేసి నవ్వడమే మాకు తెలుసు. ఇంత ఆలోచన నీకెలా వచ్చిందని ఆయన్ని ఒక్కరూ అడగలేదు. చదువుకున్న దాన్ని, నేనూ అడగలేదు. అందుకు సిగ్గుపడ్డాను, ఆ మాటే కారులో మావయ్యతో చెప్పాను. "పోనీలేమ్మా" అని, శిఖరం దాటేటప్పుడు కీళ్ళ మీద బరువు ఎలా పడుతుందో ఇంటి దాకా చెబుతూనే ఉన్నాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా: భూగర్భ గది రోజూ తెరవరు, వేసవిలో నెలకి ఒకటి రెండు ఆదివారాలే. కనీసం రెండు వారాల ముందు ఈమెయిల్ రాసి, జవాబు వచ్చాకే బయల్దేరండి. తడిసినా ఫర్వాలేదనుకునే బూట్లు వేసుకుని వెళ్ళండి. అక్కడ వాల్టర్ కనిపిస్తే, ఆయన పుస్తకంలో రాసుకున్న ప్రశ్నల పేజీ చూపించమనండి. పైన ఇంగ్లీషులో "పడవకి కీలు కనిపెట్టిన అప్పలరాజు, విశాఖపట్నం" అని ఉంటుంది. అలా రాయమని ఫోన్‌లో వాల్టర్‌కి చెప్పింది మా నాన్న.