రాజనర్సు గుమ్మడితోటకు కుట్టిన కంచె

సిరిసిల్ల నుంచి వచ్చి అమీర్‌పేటలో కుట్టుమిషన్ పెట్టుకున్న రాజనర్సుకు కుట్టు వంకర పోతే అన్నం సయించదు. కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే కుర్రాళ్లంతా ఇంటర్వ్యూ ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి అతని దగ్గరికే వచ్చేవాళ్లు. చేతినిండా పని. అయినా మనిషికి మట్టిపిచ్చి పట్టింది. గచ్చిబౌలి అవతల, పొదల అడవి పక్కన అరెకరం కౌలుకు తీసుకుని గుమ్మడి పెట్టాడు.

మొదటి ఏడాది తోటంతా జింకలే మేశాయి. లేత తీగ, పువ్వు, పిందె, దేన్నీ వదల్లేదు. చూడ్డానికి ముద్దొస్తాయిగానీ, తిండి దగ్గర వాటికి మొహమాటం ఉండదు.

"ఈసారి సుత గిట్లనే అయితే భూమి ఇడిశిపెట్టాలె. నా మీద ఒట్టు," అంది భార్య దేవవ్వ. ఆ అరెకరంలో నిలబడితేనే రాజనర్సుకు ఊపిరాడేది.

అక్కడి రైతులు చేనుచుట్టూ పాత చీరలు కడతారు. అతనూ యూసుఫ్‌గూడలో ఇల్లిల్లూ తిరిగి చీరలు పోగేశాడు. కానీ దర్జీ కదా, ఊరికే కడతాడా! ఉతికి, ఇస్త్రీ చేసి, అంచుకు అంచు కలిపి కుట్టి, గుంజలకు బిగించాడు. ఎక్కడా ముడత లేదు. వారంపాటు జింకలు దూరం నుంచి చూశాయి. కదలని గుడ్డకు ఎన్నాళ్లు భయపడతాయి? ఎనిమిదో రోజు ఓ మూల కింద నుంచి దూరి రెండు పాదులు ఖాళీ చేశాయి.

పొద్దున వచ్చి చూసిన రాజనర్సు గట్టుమీద కూలబడ్డాడు. దేవవ్వ కంచె చుట్టూ తిరిగొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గింత బిగ్గ కుడితె గోడ లెక్కనే ఉంటది. చీరె అన్నంక గాలికి ఎగరాలె గద! ఇప్పు కుట్లు."

"మస్తు కష్టపడి కుట్టిన. జర ఆగు..."

"ప్యాంటు గాదయ్యా ఇది!"

కత్తెర తీశాడు. ఒక్కో కుట్టు విప్పుతుంటే ప్రాణం విలవిల్లాడింది. పైఅంచును మాత్రం గుంజల మధ్య కట్టిన తాడుకు వేలాడదీసి, కింద చీలికలు చేశారు. సాయంత్రం గాలి లేచింది. చీరలన్నీ టపటపా కొట్టుకున్నాయి. పొదల్లోంచి వచ్చిన మూడు జింకలు చెవులు రిక్కించి, వచ్చిన దారినే ఉరికాయి. రాజనర్సు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

దసరా ముందు కాయలు తెచ్చి దుకాణం ముందు పేర్చారు. పై అంతస్తులో కొత్తగా కోచింగ్ సెంటర్ తెరుస్తున్న చక్రపాణి దిష్టికాయ కోసం దిగొచ్చాడు.

"ఆ పెద్దది ఇవ్వండి. రేటు ఏంటి?"

రాజనర్సు నోరు తెరిచేలోపే దేవవ్వ ఆ కాయను ఒళ్లోకి లాక్కుంది.

"ఇంకోటి తీస్కోండ్రి సారూ. ఇది వచ్చే ఏటికి ఇత్తనం."