ఎడమ చెంప మీద చుక్క

మీకో మాట చెప్తాను. ఇంతవరకూ పైకి అనలేదు, మా అమ్మతో కూడా. మా డాగ్ క్లబ్‌కి సెక్రటరీని నేనే కదా! దుర్గ్ నుంచి చరోదా దాకా ఎవరింట్లో ఏ బ్రీడ్ ఉందో, దాని చెవి ఎలా నిలబడాలో, తోక ఎంతవరకు వంపు తిరగాలో నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను. అంతా నిజమే. కాని నాకు కుక్కలంటే భయం.

నవ్వుకోండి, పర్లేదు. మొన్న ఆదివారం మా షోలో ఏమైందో వింటే ఎలాగూ నవ్వుతారు. పుణె నుంచి వచ్చిన జడ్జి గారు మా భిలాయి కుక్కలన్నీ ఒకే తండ్రి పిల్లలని తేల్చేయబోయారు! దానికి కారణాలు రెండు: నా భయం, మా పెద్దమ్మ.

భయమంటే మరీ కేకలు పెట్టి పరిగెత్తే రకం కాదు. దూరం నుంచి ఎంతసేపైనా చూస్తాను. అబ్బ, ఏం నడక, ఏం భుజాలు అని మురిసిపోతాను. అదే దగ్గరకొచ్చి మూతి పెట్టి వాసన చూసిందా, మెల్లగా పక్కవాళ్ళ వెనక్కి చేరిపోతాను.

మరి సెక్రటరీ ఎలా అయ్యావే అంటారు. మా సెక్టార్‌లో ఒకళ్ళ కుక్క తప్పిపోతే తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లో నేనొక మెసేజ్ రాశాను. కుక్క దొరికింది. ఆ మెసేజ్ చూసి చేరినవాళ్ళతోనే గ్రూపు, ఆ గ్రూపే క్లబ్. నేను ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నదాన్ని కాదు. వీడియోలు చూశాను, తెలిసినవాళ్ళని విసుగొచ్చేదాకా అడిగాను, అంతే. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన అప్పారావు బాబాయ్ మా ప్రెసిడెంట్, ఇంట్లో రెండు లాబ్రడార్లు. "రాతకోతలు, పర్మిషన్లు నువ్వు చూస్కో హైమా, కుక్కల్ని మేం చూస్కుంటాం" అన్నారు. అంతకంటే నాకేం కావాలి! అప్పట్నుంచి ఏ షోలోనైనా నా కుడి చేతిలో మైకు, ఎడమ చేతిలో ప్యాడ్. రెండు చేతులూ ఖాళీ లేని మనిషికి "కాస్త దీన్ని పట్టుకో దీదీ" అని ఎవరూ గొలుసు అందించరు. ఈ ట్రిక్ నాదే.

ఈసారి షో మామూలుది కాదు. మా ఊళ్ళో ఇప్పటిదాకా జరిగినవన్నీ సరదా షోలు. గెలిస్తే కప్పు, ఒక ఫొటో. అసలు ఛాంపియన్‌షిప్ కావాలంటే మావాళ్ళు కుక్కల్ని రైలెక్కించి నాగ్‌పూర్‌కో కోల్‌కతాకో తీసుకెళ్ళాలి. చరోదా రైల్వే కాలనీ సత్యం అన్నయ్య తన గోల్డెన్ రిట్రీవర్ జిలేబిని అలా తీసుకెళ్ళి, దానికి ప్రయాణం పడక, రింగులో అది వాంతి చేసుకుంటే ఏడుస్తూ తిరిగొచ్చాడు. వచ్చే ఏడు నుంచి ఆ ఛాంపియన్‌షిప్ మా దగ్గరే పెట్టుకోవడానికి పర్మిషన్ అడిగాం. ఇవ్వాలో వద్దో, దేశం మొత్తం మీద ఈ షోలు చూసే పైవాళ్ళకి రిపోర్ట్ రాసేది పుణె నుంచి వచ్చిన ఈ జడ్జి గారే. అంటే ఆ రోజు ఆయన చూసేది కుక్కల్నే కాదు, మమ్మల్ని కూడా.

అందుకే ఒళ్ళు దాచుకోకుండా చేశాను. స్కూల్ గ్రౌండ్‌లో కుక్కల్ని నడిపించే రింగుకి తాళ్ళు కట్టించాను, కుక్కలు జారకుండా మ్యాట్‌లు పరిపించాను, షామియానా, నీళ్ళ తొట్లు, పశువుల డాక్టరు గారికి విడిగా టేబుల్. సుపేలా బజార్లో ఫ్లెక్స్ కొట్టించి నేనే దగ్గరుండి అక్షరాలు సరిచూసుకున్నాను. పొద్దున్నే గ్రౌండ్ చూసి బాబాయ్ "ఏటమ్మా ఇది, మన ప్లాంట్‌కి మినిస్టర్ వచ్చినప్పుడు కూడా ఇంత నీట్‌గా లేదు" అన్నారు. గర్వపడ్డాను. ఎందుకు అబద్ధం, బాగా గర్వపడ్డాను.

ఒక్క పని మాత్రం మిగిలింది. గేటు దగ్గర ప్రతి కుక్కనీ క్లబ్ తరఫున ఒకరు చేత్తో తడిమి చూడాలి. రోగాల సంగతి డాక్టరు గారు చూస్తారు. ఒంటికి రంగు, పౌడరు లాంటివి ఏమైనా పూశారా అన్నది మేం చూడాలి. షోలో అది పెద్ద నేరం. పూసిన కుక్క బయటికి పోవాల్సిందే. రూలు ప్రకారం ఆ చూడ్డం సెక్రటరీ పని.

ప్రతి కుక్కనీ. చేత్తో. తడిమి.

"పెద్దమ్మా, నువ్వొస్తావా?" అన్నాను.

మా పెద్దమ్మ విజయనగరం నుంచి పెళ్ళై భిలాయి వచ్చిన మనిషి. కూరలకెళ్తే వీధి కుక్కలు నాలుగు ముందు, నాలుగు వెనకాల ఊరేగింపుగా నడుస్తాయి. ఏ కుక్కకైనా నోట్లో చెయ్యి పెట్టి ఎముక లాగేయగలదు.

"ఒక్కొక్కదాన్నీ నిమిరి, మొహం బాగా చూసి పంపించు పెద్దమ్మా" అని చెప్పాను.

"నాకు చెప్పాలేటే? చంటిపిల్లల్ని చూసినట్టు చూస్తాను" అంది.

ఆ మాట దగ్గర నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది.

తొమ్మిదికల్లా రింగు మొదలైంది. మొదట తెల్ల స్పిట్జ్, పేరు రసగుల్లా. పేరుకి తగ్గట్టే ఉంటుంది. జడ్జి గారు వంగి చూశారు, మొహం చిట్లించారు, ఏదో రాసుకున్నారు. తర్వాత పగ్. పగ్‌లకి చెంపల మీద నల్ల మచ్చలు మామూలే కదా, ఆయన దాన్ని చూసి తల కూడా ఊపారు. నేను మైకులో "బహుత్ బఢియా!" అంటున్నాను. ఇంకో కుక్క, ఇంకోటి. ఒక్కోదాని దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగుతున్నారు. మా కుక్కలు అంత నచ్చాయా అని నేను లోపల్లోపల పొంగిపోతున్నాను!

జిలేబి వంతు వచ్చింది. జడ్జి గారు దాని ఎడమ చెంప చూసి, సత్యం అన్నయ్యని అడిగారు. ఆయన మాట్లాడింది హిందీలో, నేను మన భాషలో చెప్తున్నాను.

"దీని తండ్రి ఎవరు?"

"రాయ్‌పూర్ కుక్క సర్."

"ఇందాకటి స్పిట్జ్ తండ్రి కూడా అదేనా?"

అన్నయ్య మొహం ఎర్రబడింది. "సర్! నా గోల్డెన్‌కీ ఆ స్పిట్జ్‌కీ సంబంధం ఏంటి సర్! మాది మర్యాదైన కుక్క!"

"మరి వచ్చిన ప్రతిదానికీ ఎడమ చెంప మీద ఒకే చోట, ఒకే సైజులో మచ్చ ఏమిటి?"

అని, జేబులోంచి తెల్ల రుమాలు తీసి జిలేబి చెంప మీద రుద్దారు. రుమాలు నల్లగా వచ్చింది.

రింగులో జడ్జికి సాయంగా ఉన్న అప్పారావు బాబాయ్ చేతికి ఆయన ఒక చీటీ ఇచ్చారు. బాబాయ్ పరుగున తెచ్చి నాకిచ్చారు. నా చేతిలో మైకుంది, చేతికందినది చదివేయడం నా అలవాటు. "అటెన్షన్ ప్లీజ్! క్లబ్ సెక్రటరీ ఎక్కడున్నా వెంటనే రింగులోకి రావాలి" అని మైకులో గట్టిగా చదివేశాను. రెండోసారి కూడా చదివాను. అప్పుడు కదా వెలిగింది, సెక్రటరీ నేనే అని!

రింగులోకి వెళ్తూ గేటు దగ్గర ఆగాను. పెద్దమ్మ ఒళ్ళో కాటుక భరిణె.

"పెద్దమ్మా! ఏం చేశావు?"

"ఏటే అలా చూస్తావు? ఊరందరి కళ్ళూ ఆటి మీదే కదేటి! పుణె నుంచి కూడా వచ్చీసేరు చూడ్డానికి. దిష్టి తగలదా? ఒక్కోదానికీ ఓ చుక్క పెట్టీసేను."

"అన్నింటికీనా?"

"ఒకదానికి పెట్టి ఒకదానికి మానీడం ఏటి న్యాయం?"

"నల్ల కుక్కలకి కూడా?"

"నల్లవాటికి కాటుక కనపడదనీసి విభూతి పెట్టేను" అంది పెద్దమ్మ, మెచ్చుకుంటానేమో అన్నట్టు నా మొహంలోకి చూస్తూ.

ఓనర్లైనా ఎందుకు ఆపలేదంటారా? సగం మంది మన తెలుగువాళ్ళే, దిష్టి చుక్క వాళ్ళకి కొత్తా! మిగతావాళ్ళు క్లబ్బువాళ్ళ స్వాగత తిలకం అనుకుని దండం కూడా పెట్టారట.

జడ్జి గారి ముందు నిలబడ్డాను. "రూలు ప్రకారం ఒంటికి రంగున్న కుక్కని పంపేయాలి. మీ దగ్గర అన్నీ పంపేయాలి. అప్పుడు ఇక్కడ మీరూ నేనే మిగులుతాం" అన్నారు. ఆయన నవ్వడం లేదు. వెనక సత్యం అన్నయ్య జిలేబి మెడ చుట్టూ చెయ్యేసుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అతన్ని మళ్ళీ రైలెక్కించడం నా వల్ల కాదనిపించింది.

"సర్, తప్పు ఓనర్లది కాదు, క్లబ్‌ది. తుడిచేస్తాం సర్. ఒక్క ఛాన్స్."

ఆయన వాచీ చూసుకున్నారు. "సరే. టీ బ్రేక్ ఇస్తున్నాను. మొదటినుంచీ మళ్ళీ చూస్తాను. కాని ఓనర్లు ముట్టుకోకూడదు, తుడిచే వంకతో ఇంకేదైనా పూస్తారు. చుక్క పెట్టినావిడ అసలే వద్దు. నా కళ్ళ ముందు సెక్రటరీ తుడవాలి."

"నేనా సర్?"

"ఇంకో సెక్రటరీ ఉన్నారా?"

ప్యాడ్ కింద పెట్టాను. మైకు పెట్టడం మరిచిపోయి చంకలో ఇరికించుకున్నాను. పెద్దమ్మది ఇంట్లో ఆముదం దీపం మీద పట్టిన కాటుక, నీళ్ళకి పోయేది కాదు. బాబాయ్ కొబ్బరినూనె, దూది తెచ్చారు. రసగుల్లా ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, చెయ్యి చాచాను. మెత్తగా తగిలింది. రుద్దాను. కళ్ళు తెరిచి చూస్తే చుక్క పోలేదు, పెరిగింది! రూపాయి బిళ్ళంత ఉన్నది అరచేయంత బూడిదరంగు అయింది. దాని యజమానురాలు "హే భగవాన్" అంది. నేనూ అదే అన్నాను.

"నూనె తక్కువెయ్యి, పొడి దూదితో అద్దు, రుద్దకే!" అని గేటు దగ్గర్నుంచి పెద్దమ్మ అరుపు. అలా అద్దితే వచ్చింది. తర్వాత తడి గుడ్డ. మళ్ళీ తెల్ల చెంప! లోకంలో నేనే మొదటిసారి తెలుపు రంగు కనిపెట్టినంత సంతోషం.

తర్వాత ఇంకోటి. పగ్ తుమ్మింది, నా మొహం మీదే. జిలేబి నూనె గిన్నె నాకేసింది. డోబర్‌మన్ నా చెవి దగ్గర ఊపిరి వదులుతుంటే విభూతి ఊదేశాను, అది కూడా ఉఫ్ అని తిరిగి ఊదింది. భయపడుతూనే ఉన్నాను, చేస్తూనే ఉన్నాను. ఒక్క ఓనరూ విసుక్కోలేదు, చూడండి! ఎండలో వరసగా నిలబడి, కుక్కల్ని కదలకుండా పట్టుకుని, "ఆరామ్ సే దీదీ, ఏమీ చెయ్యదు" అంటూ నాకే ధైర్యం చెప్పారు. వాళ్ళకి నేర్పించింది నేనే, రింగులో ఎలా నిలబెట్టాలో. చెయ్యి వెయ్యకుండా, మైకులో.

ఆఖరున భీమ్. గ్రేట్ డేన్. సుపేలాలో బట్టల షాపు వాళ్ళది. దాని చెంప తుడవడానికి వంగక్కర్లేదు, నిలబడితే దాని తల నా గుండెల దాకా వస్తుంది. కళ్ళు మూసుకుని అద్దుతున్నాను. చల్లగా హాయిగా ఉన్నట్టుంది దానికి, మెల్లగా నా మీదికి ఒరిగింది. ఇంకాస్త ఒరిగింది. ఆ జాతికి ఇష్టమైనవాళ్ళ మీద వాలిపోవడం అలవాటని నేనే పదిమందికి చెప్పాను, పుస్తకంలో చదివి. పుస్తకంలో బరువు తెలియదు కదా! నేను దభీమని మ్యాట్ మీద కూలబడ్డాను. భీమ్ తాపీగా వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. చంకలో మైకు ఆన్‌లో ఉంది.

"అమ్మోయ్!"

నాలుగు స్పీకర్లలో మోగింది. రోడ్డు మీద ఆటోలు ఆగాయట. గ్రౌండంతా చప్పట్లు! సంతోషం పట్టలేక అరిచాననుకున్నారు. ఆ ఫొటో ఇప్పుడు మా గ్రూపు డీపీ.

షో మళ్ళీ మొదలై చక్కగా ముగిసింది. బెస్ట్ ఇన్ షో ఎవరికనుకున్నారు? జిలేబికి! కప్పు ఇచ్చేముందు జడ్జి గారు దాని ఎడమ చెంప ఒకసారి తిప్పి చూసుకుని మరీ ఇచ్చారు. సత్యం అన్నయ్య ఈసారి కూడా ఏడ్చాడు, అది వేరే ఏడుపు.

వెళ్ళేముందు కారు దగ్గర ఆయన నాతో అన్నారు: "పెద్ద ఊళ్ళలో కూడా రింగు ఇంత బాగా పెట్టరు. పర్మిషన్ ఇవ్వమనే రాస్తాను. కాని వచ్చే ఏడు గేటు దగ్గర ప్రతి కుక్కనీ సొంత చేత్తో చూసే మనిషి పేరు అందులో ఉండాలి. ఆ మనిషికి పోటీలో కుక్క ఉండకూడదు. ఫోన్ చేసి పేరు చెప్పండి, చెప్పాకే రిపోర్ట్ పంపుతాను." కారెక్కి అద్దం దించి, "మీ చేతులు మంచివి మేడమ్. కళ్ళెందుకు మూసుకుంటారు?" అన్నారు. నేను ఎండ అన్నాను.

నిన్నటిదాకా పేరు వెతుకుతూనే ఉన్నాను. బాబాయ్ "నా పేరిచ్చీ" అన్నారు, ఆయన లాబ్రడార్లు రెండూ పోటీలో ఉంటాయి. సత్యం అన్నయ్యకి జిలేబి. పెద్దమ్మ "నా పేరివ్వే, ఈసారి కనపడకుండా చెవి వెనకాల పెడతాను" అంది! మెంబర్ల లిస్టు పైనుంచి కిందిదాకా చూశాను. మా క్లబ్ మొత్తంలో కుక్క లేని మనిషి ఒక్కతే. ఎందుకు లేదో మీకిప్పుడు తెలుసు.

ఇదిగో, ఇది రాసి ముగించి ఫోన్ తీస్తున్నాను. "సర్, హైమ అని రాసుకోండి. కళ్ళు తెరిచే చూస్తాను" అనబోతున్నాను. ఆయన ఇంకేమైనా కావాలా అని అడిగితే మాత్రం మొహమాటపడను, గేటు దగ్గర గట్టి కుర్చీ ఒకటి అడుగుతాను. భీమ్ వచ్చేవేళకి ముందే కూర్చుని ఉంటే పడే పని తప్పుతుంది కదా!