మూడు కొమ్మల పర్మిషను

చాంద్ బాషా ఎడమ చేత్తో నిద్రగన్నేరు మొదట్లో మట్టి తోడుతున్నాడు. కుడి చేతిలోని కొడవలి మొనతో బెరడు మీది దుమ్ము మెల్లగా గీకుతున్నాడు. కొట్టాల్సిన కొమ్మలు పాతికడుగుల పైన ఉన్నాయి. అయినా ఏ చెట్టెక్కినా ముందు మొదలు చుట్టూ తడిమి చూడటం అతని పద్ధతి.

"కొమ్మలు పైనుంటే కింద తవ్వుతావేంటన్నా? లంకెబిందెలేమన్నా ఉన్నాయా?" అంది సరోజిని. ఆ చెట్టు నీడనే ఆమె ఇడ్లీ బండి.

"దొరికితే నీకు సగం ఇస్తాలే చెల్లెమ్మా."

అది 2006, మార్చి నెల. తెనాలి మార్కెట్ వెనక వీధి. చెట్టు వెనకే పాండురంగారావు కొత్తగా సెల్‌ఫోన్ల షోరూము కట్టించాడు. బోర్డు ఇంకా ఎక్కలేదు, గోడకు బోల్టుల కోసం కన్నాలు మాత్రం వేయించాడు. మూడు కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని మునిసిపల్ ఆఫీసులో అర్జీ పెట్టి పర్మిషను తెచ్చుకున్నాడు.

బాషాకు ఆ కాగితం చూసినప్పుడే అనుమానం వచ్చింది. పై కొమ్మలు కొట్టేసినా బోర్డు వీధిలోకి కనిపించదు. అడ్డంగా ఉన్నది మాను. మరి మూడు కొమ్మలతో ఈయనకు ఒరిగేదేంటి? పైగా ఇవాళే అయిపోవాలని పొద్దున్నుంచి రెండుసార్లు మనిషిని పంపాడు.

బాషా చెట్టు పని కొల్లూరు లంకల్లో మేనమామ వెంట తిరిగి నేర్చుకున్నాడు. కొమ్మను ఎటు వాల్చాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. రెండుసార్లు కిందపడి తెలుసుకున్నాడు. మూడేళ్ళ కిందట బాపట్లలో ఒకాయన కాగితం చూపించి "ఇదే చెట్టు" అన్నాడు. కొట్టాక చూస్తే కాగితంలో రాసింది పక్క చెట్టు. తగువొచ్చేసరికి ఆ పెద్దమనిషి, "నేను చూపించింది ఇది కాదు" అని తప్పుకున్నాడు. ఆ తర్వాత ఏడాదిపాటు రోడ్డు పక్క చెట్ల పనికి బాషాను ఎవరూ పిలవలేదు. రేపల్లె వైపు పెరళ్ళలో కొబ్బరికాయలు దింపుతూ అతనూ, భార్య లాల్ బీ ఇల్లు నెట్టుకొచ్చారు. ఈ మధ్యనే తెనాలి మునిసిపల్ ఆఫీసు చెట్ల పనివాళ్ళలో అతని పేరు రాసుకుంది. కత్తి పెట్టాక చెట్టుకేమైనా అయితే జవాబు చెప్పాల్సింది అతనే. ఇంకొక్క మాట వస్తే ఆ పేరు కొట్టేస్తారు.

కొడవలి మొన ఒకచోట మెత్తగా దిగింది. బెరడు రంగే పూసిన బంకమట్టి. గీకితే లోపల చూపుడువేలు పట్టేంత గుండ్రటి కన్నం. వేలు పెట్టి తీసి వాసన చూసి, సరోజినికీ చూపించాడు. ఇంగువ. జానెడు దూరంలో ఇంకొకటి, అవతలి పక్క మూడోది. ఇంగువ కూరితే ఎంత మానైనా ఎండిపోతుందని ఈ వైపు అందరూ అంటారు. దానితో ఇంకేం కలిపారో పెట్టినవాడికే తెలియాలి.

బాషా చెయ్యి తుడుచుకుని చతికిలబడ్డాడు. ఇవాళ తను కొమ్మలు కొడతాడు. వానాకాలానికి చెట్టు ఎండుతుంది. బాషా అడ్డదిడ్డంగా నరికాడు, చచ్చిందంటారు. ఎండిన చెట్టు తీసేయడానికి పర్మిషను అడగ్గానే వస్తుంది. మూడు కొమ్మల సంగతి ఇప్పుడర్థమైంది.

పాండురంగారావు మెట్లు దిగి వచ్చాడు. "ఏంటి బాషా, ఇంకా ఎక్కలేదా?"

"మునిసిపల్ ఆఫీసు మేడమ్ గారు వచ్చి చూశాక ఎక్కుతానండి."

"కాగితం ఉందిగా! మళ్ళీ ఆవిడెందుకు?"

"కాగితంలో ఈ కన్నాలు లేవండి."

ఆయన వంగి చూడలేదు. "ఏ పురుగో తొలిచుంటుంది."

"ఇంగువ తాలింపు వేసుకుని మరీ తిందా అండీ?" అంది సరోజిని, చట్నీ గిన్నె మీద మూత పెడుతూ. బండి దగ్గర తింటున్నవాళ్ళు నవ్వారు.

కబురందుకుని ఆఫీసులో చెట్ల వ్యవహారం చూసే ఝాన్సీలక్ష్మి స్కూటీ మీద వచ్చింది. కన్నాలు మూడూ చూసింది. తర్వాత బాషా వైపే చూసింది.

"ఇవి నువ్వు పెట్టలేదని ఏంటి నమ్మకం బాషా? చెట్టు ఎండితే కొట్టే పని మళ్ళీ నీకేగా."

బాషాకు మొహం మండింది. ఎండుపుల్ల ఒకటి తీసుకుని చెక్కడం మొదలుపెట్టాడు. కొంచెం చెక్కి కన్నంలో పెట్టి చూశాడు, ఇంకొంచెం చెక్కాడు. పుల్ల బిగువుగా దిగింది. రెండో కన్నంలోనూ అంతే, మూడోదాంట్లోనూ అంతే. అప్పుడు సరోజిని స్టూలు అడిగి తీసుకుని గోడ దగ్గర వేసుకున్నాడు. బోర్డు కోసం వేసిన కన్నంలో అదే పుల్ల పెట్టాడు. అదే బిగువుతో దిగింది.

"నా దగ్గరున్నవి కొడవలి, గొడ్డలి, రంపం, తాడు. వీటితో గుండ్రటి కన్నం పడదండి."

"ఊళ్ళో డ్రిల్లింగ్ మిషను నా ఒక్కడి గోడకే ఆడిందా?" అన్నాడు పాండురంగారావు. గొంతు పెద్దదే కాని, చూపు గోడ మీద నిలవలేదు.

"లేదండి. అందుకే మీరు పెట్టించారని రాయను" అంది ఝాన్సీలక్ష్మి. "బాషా కత్తి పెట్టకముందే ఈ కన్నాలున్నాయని రాస్తాను. మీరు సాక్షి సంతకం పెట్టండి. వద్దంటే ఆ పుల్ల ఎక్కడెక్కడ పట్టిందో అదీ రాస్తాను."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

బాషా మూడు కన్నాలూ గీకి, లోపలిదంతా తీసేసి, నీళ్ళు పోసి కడిగాడు. లైన్‌మన్ కరెంటు తీసేశాడని చూసుకున్నాకే చెట్టెక్కాడు. ఒక్కో కొమ్మనూ ముందు కింది వైపు నుంచి రంపంతో కొంత కోసి, ఆ తర్వాతే పైనుంచి కోశాడు. అలా చేస్తే విరిగేటప్పుడు మాను బెరడు చీలి రాదు. తాడు కట్టి మూడింటినీ తీగలకు తగలకుండా దింపాడు. బండి వేరేచోట పెట్టుకోమంటే ముందు వినని సరోజిని, రంపం మోత వినగానే వీధి మలుపు దాకా నెట్టుకుపోయి అక్కణ్ణుంచి చూస్తూ నిలబడింది.

నాలుగయ్యేసరికి కొమ్మలు ఆఫీసు ట్రాక్టరులో ఉన్నాయి. ఝాన్సీలక్ష్మి లెక్క చూసుకుంది.

"బతుకుతుందంటావా?"

"చెప్పలేనండి. కన్నాలు కొత్తవే. వానలు పడ్డాక చిగురు చూసి చెప్తా."

ఆమె కాగితం మీద 'పని పూర్తయింది' అని రాసి ఇచ్చింది. బాషా దాని కింద వంకర అక్షరాలతో సంతకం చేసి, కాగితం తిరిగి ఆమె చేతికిచ్చాడు.